టర్కీ మిఠాయి, మా అత్త

చక్రధర్‌పూర్‌లో నేనూ మా అత్తా రైలెక్కాక, మా తెలుగు విని ఎదుటి సీటులోని మనిషి పలకరించాడు. ఓడలో పనట. మూడేళ్ల తరవాత టాటానగర్‌లో దిగి తల్లిని చూడబోతున్నాడు. ఆమెకని టర్కీ మిఠాయి తెచ్చాడు.

"మాయమ్మకి పళ్లన్నీ ఊడిపోయాయంట. ఇది తినగల్దా, అక్కా?" అంటూ డబ్బా తెరిచాడు. మూత మీద ఏదో రాసుంది గాని, నాకప్పటికి మన అక్షరాలే రావు. లోపల గులాబీరంగు ముక్కలు, పైన తెల్లటి పంచదార పొడి.

అందరికీ తలో ముక్కా పెట్టాడు.

"సాబున్ హై, భాయ్!" సబ్బులా ఉందన్నాడు కిటికీ పక్కాయన.

"అగరొత్తి నమిలినట్టుంది" అంది ఇంకొకావిడ.

నాకు పళ్లకి అంటుకుపోయింది. ఆ మాటే చెప్పాను. అతని మొహం చిన్నబోయింది. "మీ పిల్లలకి ఇచ్చియ్యండి" అని డబ్బా నా ఒళ్లో పెట్టేశాడు.

"పళ్లున్నోళ్లనడిగితే ఏటి తెలుత్తాది? నాకెట్టు" అంది మా అత్త. ఆమె నోట్లో ఒక్క పన్ను లేదు. ఎవరేం వండినా వంక పెట్టే మనిషి. ముక్క బుగ్గన పెట్టుకుని కళ్లు మూసుకుంది. మేమంతా ఆమె దవడనే చూస్తున్నాం.

చాలాసేపటికి గుటకేసింది. "దీనికి పళ్లెందుకురా? అదే కరిగిపోతాది. మీయమ్మకే ఇయ్యి." మళ్లీ చెయ్యి చాపింది. "ఇంకోటెట్టు."

అతను నవ్వుతూ డబ్బా లాక్కుని, ఆమెకి రెండు ముక్కలిచ్చి, మూత బిగించేశాడు. టాటానగర్‌లో రైలు పూర్తిగా ఆగకుండానే దిగి పరుగెత్తాడు.

ఆ తల్లి తిందో లేదో మాకెలా తెలుస్తుంది? మా అత్త మాత్రం బతికున్నన్నాళ్లూ "తినే ఉంటాది" అనేది.