ట్యాంకు మీద నా బదులు నిలబడినవాడు

నేను ప్రొద్దుటూరులో ఒకసారి నీళ్ళ ట్యాంకు మీది నుంచి కిందపడి చచ్చిపోయాను. ఊరి జనం కళ్ళారా చూశారు. మా మామ నేలమీద కూలబడ్డాడు, మా అత్త గుండెలు బాదుకుంది. ఆ ఘోరమంతా నేను అదే ట్యాంకు మీద నిలబడి నా కళ్ళతో నేనే చూశాను. ఇదెలా కుదురుతుందని మీరు అడుగుతారని తెలుసు. కాస్త ఓపిక పట్టండి. ఈ సంగతి చెప్పాలంటే ముందు నా తెలివితక్కువతనం ఎంత ఎత్తుదో చెప్పాలి. ట్యాంకు ఎత్తు ఆ తర్వాత.

ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజులు. మాది జమ్మలమడుగు, మా నాయన బడిపంతులు. నేను ఎస్సెల్సీ ఎలాగో గట్టెక్కి, తలకు నూనె రాసుకుని అరుగు మీద కూర్చోవడమే ఉద్యోగంగా బతుకుతున్నాను. మా అమ్మకు తమ్ముడు ఓబులేసు మామది పులివెందుల. కట్టడాల కంట్రాక్టరు. ప్రొద్దుటూరుకు నీళ్ళ ట్యాంకు కట్టే పని ఆయనకు దొరకగానే నన్ను సూపర్వైజరుగా పెట్టుకున్నాడు. ఆయన కూతురు పార్వతిని నాకిచ్చి చేస్తారని రెండిళ్ళలోనూ ఎప్పటి నుంచో అనుకుంటున్న మాటే. అయితే పని మొదలైన రోజు మామ నన్ను పక్కకు పిలిచి ఆ మాటకు ఒక మెలిక వేశాడు.

"సూడు సీనా, పులివెందుల్లో నేను కట్టించిన గోడ మీంచి గంగన్న పడినాడు. ఈ పొద్దుకూ కట్టె పట్టుకోనే నడుస్తాండాడు. బజార్లో ఆయప్ప ఎదురొస్తే నేను సందులోకి తిరుక్కుంటాండా. ఇంగొకన్ని అట్ల సూసే శక్తి నాకు ల్యా. ఈ ట్యాంకులోకి నీళ్ళెక్కే దాకా ఒక్కడు గూడా కింద పడగూడదు. పడినాడా, పార్వతి మాట నువ్వెత్తొద్దు, నేనెత్తను."

"నేనుండా గదా మామా!"

"నువ్వుండావనే నా బయమంతా."

పార్వతి అంటే నాకు ప్రాణం. కాబట్టి ఎవరూ పడకుండా చూడటమే నా బతుకు అయిపోయింది.

ఆ ట్యాంకు గురించి మీకేం చెప్పను! అంతటిది ఆ ఊరు అంతకు ముందు చూడలేదు. లావుపాటి స్తంభాలు ఆకాశంలోకి పెరుగుతుంటే, వాటి చుట్టూ సరివి కట్టెలూ కొబ్బరితాళ్ళూ కలిపి కట్టిన పరంజా. పత్తి అమ్ముకోవడానికి వచ్చిన రైతులు బండ్లు ఆపి, తలపాగా జారకుండా చేత్తో పట్టుకుని పైకి చూసేవాళ్ళు.

"నీళ్ళు ఆడికెట్ల ఎక్కుతాయప్పా?"

"కరెంటు తోస్తాదంట."

"తోస్తే తోసింది, మళ్ళ కిందికి రాకుండా ఎవరు పట్టుకుంటారు?"

ఆ పరంజా మీద మా కూలీలు నడిచే తీరు చూడాలి. చెప్పుల్లేని కాళ్ళు. ఆడవాళ్ళు నెత్తిన సిమెంటు బాండ్లీ పెట్టుకుని, ఒక చెయ్యి ఊపుకుంటూ, పక్కవాళ్ళతో అత్తగారి సంగతులు చెప్పుకుంటూ, అరచేతి వెడల్పు పలక మీద నడిచి వెళ్ళేవాళ్ళు. మస్తాన్ మేస్త్రీ అయితే పలక చివర కాళ్ళు వేలాడేసుకుని బీడీ కాల్చేవాడు. నేను? నేను రోజూ నిచ్చెన మూడో మెట్టు దాకా ఎక్కి, "పని శానా బాగుంది, కానీండి" అని దిగిపోయేవాణ్ణి. నాలుగో మెట్టు మీద ఒక్కనాడూ కాలు పెట్టలేదు.

ఇట్లా ఉండగా కడప నుంచి ఇంజనీరుగారు ఇనప టోపీలు పంపించారు. వాటితోపాటు నడుముకు కట్టుకునే తోలు పట్టీ ఒకటి, దానికి కొక్కెమూ తాడూ. టోపీ లేకుండా ఎవరూ పరంజా ఎక్కరాదని హుకుం. నేను మస్తాన్ మేస్త్రీ ముందు టోపీలు పరిచాను. అతను వాటి వైపు పాడె కట్టెల వైపు చూసినట్టు చూశాడు.

"ఇవి దేనికప్పా?"

"పైనుంచి ఏమన్నా పడితే తలకాయ పగలకుండా అన్నా."

"అట్లనా? టోపీ పెట్టుకోని కూర్చుంటే, ఓ రాయీ, వచ్చి నా నెత్తిన పడు అని పిల్చినట్టు కాదా?"

"తాడన్నా కట్టుకో."

"తాడు కట్టుకునేటోడు పడాలనే కట్టుకుంటాడు. నా నాయన కట్టుకోల్యా, నా తాత కట్టుకోల్యా. నేను పడేటోన్నైతే ఈ పొద్దు దాకా పడకుండా యాడికి పోయింటి?"

నేను ఎస్సెల్సీ చదివినవాణ్ణి. దీనికి జవాబు చెప్పాలి కదా! చెప్పలేదు సరికదా, అబ్బ ఎంత గొప్ప మాట అని ముచ్చటపడ్డాను. రెండు రోజులు తిరక్కముందే ఒక టోపీలో సున్నం కలిపారు, ఒకదాంట్లో సంగటి తెచ్చుకున్నారు, నరసమ్మ అనే ఆమె ఒకదాంట్లో కోడిపెట్టను పొదగేసింది. ఆ కోడి ఒక్కటే మా పనిలో ఇంజనీరుగారి హుకుం పాటించిన ప్రాణి అనుకోవచ్చు, కాకపోతే టోపీ దాని కింద ఉండేది.

మరి ఎవరూ పడకుండా చూడటం ఎలా? మస్తానే దారి చూపించాడు.

"ఊరి జనమంతా నోరెళ్ళబెట్టి సూస్తాండారు. దిష్టి తగల్దా? పైన బొమ్మను పెడదాం. పడేదేదో దాని మీద పడిపోతాది, మన జోలికి రాదు."

"మరి టోపీ?"

"దానికే పెడదాం. పడేది దాని మీద గదా!"

చూశారా ఎంత సాఫీగా కుదిరిపోయిందో! నేనే స్వయంగా పూనుకున్నాను. కుండను తలగా పెట్టి, సున్నం పూసి, బొగ్గుతో మీసం దిద్దాను. ఆ మీసం నాలాగే వచ్చింది, నాకు వేరే మీసం గియ్యడం రాదు. నా పాత ఖాకీ చొక్కా, నిక్కరూ తొడిగాను. గడ్డి కూరాను. నెత్తిన టోపీ, నడుముకు పట్టీ. మస్తాన్ దాన్ని ట్యాంకు అంచున, అన్నిటికన్నా పైన నిలబెట్టి, తాడు స్తంభం ఇనపచువ్వకు బిగించాడు. అంత మంది బతికున్న మనుషుల్లో ఒక్కరికీ లేని భద్రత ఆ గడ్డిమనిషికి దొరికింది.

ఇక్కడి నుంచే అసలు తిప్పలు. మర్నాడు హోటల్లో నేను ఉగ్గాని తింటుంటే ఒక పెద్దాయన వచ్చి నా ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అబ్బా, ఏం గుండె నాయనా నీది! పొద్దస్తమానం ఆ కొనకొమ్మున కదలకుండా నిలబడతావే! ఎండకు తల గూడా తిప్పవు!"

అది నేను కాదని చెప్పాలని నోరు తెరిచాను. ఈలోగా హోటలాయన నా పళ్ళెంలో ఇంకో రెండు మిరపకాయ బజ్జీలు వేశాడు. నోరు తెరిచాను కాబట్టి వాటిని పెట్టుకున్నాను. ఆ వారంలో నేను వీధిలో నడిస్తే దారి ఇచ్చేవాళ్ళు. "గాల్లో నిలబడే అబ్బి" అని పిల్లలకు చూపించేవాళ్ళు. బస్సు కండక్టర్లు ఆ కబురు పులివెందులకు చేర్చారు. మామ మురిసిపోయాడట. పార్వతి మాత్రం, "సీను బావనా? అటక మీంచి బెల్లం తియ్యమంటే కండ్లు తిరుగుతాయన్నాడే!" అన్నదట.

అది తేల్చుకోవడానికేనేమో, ఒకరోజు మధ్యాహ్నం ఇంజనీరుగారి జీపులో మామ, అత్త, పార్వతి దిగారు. నేను ఆ వేళ సిమెంటు బస్తాల వెనక నీడన పడుకుని బొరుగులు నములుతున్నాను. మస్తాన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"సీనప్పా, లెయ్ లెయ్! మీ మామొచ్చినాడు! నువ్వు పైనుండావని సూసి కండ్లనీళ్ళు పెట్టుకుంటాండాడు. టోపీ, తాడు రెండూ ఉండేది నీ ఒక్కనికే అని ఇంజనీరు మెచ్చుకుంటాండాడు. నిన్ను దిగమంటాండారు, చేతికి చెయ్యిస్తాడంట!"

"నేను ఈడుండా గదన్నా?"

"ఆ సంగతి వాళ్ళకు తెలీదు గదా! యెనక పక్కనుంచి ఎక్కు. ఎక్కి, ముందర పక్కనుంచి దిగు."

ఎక్కాను. మూడో మెట్టు దాటాను, నాలుగో మెట్టు దాటాను, ఆ తర్వాత కళ్ళు మూసుకుని దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలుస్తూ ఎక్కాను. పైన పలక మీదికి చేరి కళ్ళు తెరిచాను.

అయ్యా, అమ్మా, నేను దానికి సిద్ధంగా లేను. పెన్నేరు ఇసుక ఒక పక్క తెల్లగా ఆరేసిన పంచెలా పరుచుకుని ఉంది. మా జమ్మలమడుగు రోడ్డు సన్నటి దారంలా దూరంగా కొండల్లో కలిసిపోయింది. ఊరంతా మిద్దెలు, మిద్దెల మీద ఆరబెట్టిన మిరపకాయలు ఎర్రగా. గాలి నా చెవుల్లో మాట్లాడుతోంది. ఇంత ఎత్తున, ఇంత గాలిలో, నరసమ్మ బాండ్లీ మోసుకుంటూ నవ్వుతుందా? ఇక్కడేనా మస్తాన్ కాళ్ళూపుకుంటూ బీడీ తాగేది? వాళ్ళు ప్రతి పూటా ఏం పణం పెడుతున్నారో అక్కడ నిలబడ్డాకే నాకు తెలిసింది. వాళ్ళకు టోపీ పెట్టించలేక గడ్డిబొమ్మకు పెట్టిన నా మీద నాకే అసహ్యం వేసింది.

కానీ అసహ్యంతో దిగలేం కదా. కింది వాళ్ళకు కనబడకుండా బొమ్మను వెనక నుంచి కావలించుకుని, టోపీ తీసి నా నెత్తిన పెట్టుకున్నాను. పట్టీ విప్పి నా నడుముకు బిగించాను. ఉన్న తాడు ఒకటే. అది బొమ్మను వదిలి నాకు వచ్చింది. సరిగ్గా అప్పుడే గాలి విసురుగా కొట్టింది. బొమ్మ నా వైపు ఒకసారి వంగి, సెలవు తీసుకున్నట్టు అటు వాలి, ట్యాంకు అంచు దాటింది.

"సీనా!" కింద మామ గొంతు. అలాంటి గొంతు నేను ఆయన దగ్గర ఎప్పుడూ వినలేదు.

బొమ్మ కంకర కుప్ప మీద పడింది. కుండ పగిలిన చప్పుడు పైదాకా వినిపించింది. అత్త గుండెలు బాదుకుంది. మామ కూలబడి, "నా చేతులారా పంపిస్తి గదరా నాయనా, గంగన్న చాలదని నిన్ను గూడా" అంటూ నేల కొట్టుకున్నాడు. అందరికన్నా ముందు పరిగెత్తింది పార్వతి. బొమ్మ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చొక్కా పట్టుకు లాగింది. చేతినిండా గడ్డి వచ్చింది.

"మామా, నేను ఈడుండా!" అని పైనుంచి అరిచాను.

జనం పైకి చూశారు. కొందరు దయ్యమని పరిగెత్తారు. పార్వతి మాత్రం కళ్ళు తుడుచుకుని, చేతిలో గడ్డిని విదిలించి, "నాయనా, కిందపడినాయన గడ్డి. పైనుండే ఆయన్ను దించేది సూడు, ఆయన కాళ్ళు ఊగుతాండాయి" అంది.

నన్ను ఎలా దించారో వివరంగా చెప్పను. ఆ పట్టీ, ఆ తాడు, మస్తాన్ భుజం లేకపోతే నేను ఈ జ్ఞాపకం రాసేవాణ్ణి కాను. అంతవరకే.

నేను దిగాను. అందరూ కంకర మీద చూస్తున్నారు. నా మీసం ఒక పెంకు మీద, నా కన్ను ఒక పెంకు మీద పడి ఉన్నాయి. మస్తాన్ వాటిని చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, నా నెత్తిన టోపీ తీసి, తన తలపాగా విప్పి, తనే పెట్టుకున్నాడు. నరసమ్మ వెళ్ళి కోడిని లేపింది.

మామ లేచి దుమ్ము దులుపుకున్నాడు.

"ఒక్కడు గూడా పడగూడదంటి. పడినాడు."

"మామా, పడింది బొమ్మ..."

"నా కండ్లకు పడింది నువ్వే. నా పానం పోయి వచ్చింది నిజమే. పార్వతి మాట ఇంగ అయిపోయింది."

అప్పుడు పార్వతి ముందుకొచ్చింది.

"నాయనా, పడినాయనకు నన్ను ఇయ్యొద్దులే. టోపీ పెట్టుకోని, తాడు కట్టుకోని దిగినాయనకు ఇయ్యి."

మామ ఆమెను చూశాడు, నన్ను చూశాడు, కుండ పెంకుల్ని చూశాడు. మొదట ఇంజనీరుగారు నవ్వారు, తర్వాత మామ.

ట్యాంకులోకి నీళ్ళెక్కే దాకా ఇంకెవరూ పడలేదు. పెళ్ళిలో మా ఇద్దరి కొంగులూ ముడివేస్తుంటే పార్వతి నా చెవి దగ్గరికి వంగింది.

"బావా, ఈ ముడన్నా విప్పకుండా ఉంటావా, గాలొస్తే నన్ను గూడా తోసేస్తావా?"

అందుకే అగ్నిసాక్షిగా, ముక్కోటి దేవతల సాక్షిగా, ఆ పగిలిన కుండ సాక్షిగా ప్రమాణం చేశాను. బతికున్న మనిషి నెత్తిన పెట్టాల్సిన టోపీని బొమ్మకు పెట్టను. బొమ్మకు రావాల్సిన పొగడ్తకు నేను బజ్జీలు తినను. ఇక ఈ ముడి అంటారా, ఈనాటి దాకా విప్పలేదు. విప్పే ధైర్యం ఎవరికుంది, ఆమె ఇప్పటికీ నన్ను నాలుగో మెట్టు ఎక్కనివ్వదు.