గరాటు అడుగున పసుపు బియ్యం

1984లో నా వర్క్‌షాపు బొంబాయి కామాటిపురలో, ఫోరస్ రోడ్ వైపు తిరిగే గల్లీ మొదట్లో ఉండేది. మా తాతలు పాలమూరు నుంచి రాళ్లు మోయడానికి వచ్చారు, నేను స్టీలు అతికే పనిలో పడ్డాను. హోటళ్లకు పాల ట్యాంకులు, టీ బాయిలర్లు చేసేవాణ్ణి. అతుకుకు గాలి తగలకుండా గ్యాసు వదులుతూ చేసే ఆర్గాన్ వెల్డింగ్ నాది. సూది మొనంత గుంట మిగిలినా పాలు విరుగుతాయి. నా అతుకుకు ఎవరైనా వంక పెడితే మాత్రం నాకు ఒళ్లు మండేది.

మా చాల్‌లోనే, అదే గదుల వరుసలో ఉండే నర్సింగ్ కాక ఓడల్లో ఇంజన్‌రూము పని చేసి రిటైరయ్యాడు. ఒకరోజు ఒక బొమ్మ గీసి తెచ్చాడు. పైన డ్రమ్ము, కింద గరాటు, దాని కొసకు వాల్వు.

"కోనికల్ ఫర్మెంటర్ అంటరు బిడ్డా. ఇంట్ల బీరు కాసుకునేటిది."

బార్లీ నీళ్లను పులియబెట్టే ఈస్టు, పని అయ్యాక గరాటులోకి దిగుతుందట. వాల్వు తిప్పి ఆ మడ్డిని వదిలేస్తే పైన బీరు తేటగా నిలుస్తుందట. పర్మిట్ ఉందా అని నేనడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఓడలో ఆయనకు బీరు కాయడం నేర్పిన పీటర్ సాబ్ జబ్బుపడి, బొంబాయి వదిలి గోవా వెళ్లిపోతున్నాడు.

"మల్ల రాడు. పోయేలోపు ఆయన గ్లాసుల నా చేతి బీరు పొయ్యాలె," అన్నాడు కాక. బీరుకు చేదునిచ్చే హాప్స్ అనే ఎండుపూలు ఆయన దగ్గర రెండు పొట్లాలే ఉన్నాయి. ఇక్కడ కొందామన్నా దొరకవు.

మనసుపెట్టి చేసిచ్చాను. కొన్ని వారాలకు కాక దాన్ని తోపుడు బండి మీద వెనక్కి తెచ్చాడు.

"పుల్లగైంది రా. సిర్కా లెక్క."

"నా అతుకు మీద పెట్టకు కాకా!"

"నేనేమంటలేను. బీరే అంటున్నది."

ఆ మాటకు ఇంకా కాలింది. నీళ్లు నింపి చూశాను, బల్బు లోపలికి దించి చూశాను. ఎక్కడా చెమ్మ లేదు, గుంట లేదు. అయినా అనుమానం పీకుతూనే ఉంది. గరాటు అతుకు కోసేద్దామని గ్రైండర్ తీశాను. కోయాలంటే ముందు వాల్వు విప్పాలి. విప్పితే లోపల తిరిగే స్టీలు గుండు చుట్టూ ఉండే సందులో, కుళ్లి నల్లబడ్డ మెతుకుల్లాంటివేవో ఇరుక్కుని ఉన్నాయి. గోటితో గీకితే కింద పసుపు రంగు.

చాయ్ తెచ్చిన మా ఆవిడ బాలమణి తొంగి చూసింది.

"అయ్యో, నేనేసిన బియ్యమే. కొత్త గిన్నెను ఒట్టిగ పంపుతరా ఎవరన్న? పసుపు బియ్యం పోసి పంపిన."

తీసుకెళ్లిన రోజే కాక ఆ బియ్యాన్ని దులిపి, గిన్నెను వేడినీళ్లతో కడిగాడు. కానీ వాల్వు తిప్పినప్పుడు నాలుగు గింజలు గుండు పక్కకు జారాయి. అక్కడికి చెయ్యి పోదు, పీచూ పోదు. అవే కుళ్లి బీరంతా పాడుచేశాయి.

నేను నోటికొచ్చినట్టు అరిచాను. బాలమణి కళ్లనీళ్లు పెట్టుకుంది. కాక నా భుజం పట్టుకున్నాడు.

"ఆమెను ఏమనకు. నా ఇంటికి నిండు గిన్నె పంపింది. నువ్వు వాల్వు మార్చు."

సిగ్గేసింది. విప్పి ముక్క ముక్కా కడుక్కునేలా కొత్త వాల్వు బిగించాను. కాక వెళ్తుంటే బాలమణి చిన్న పాలక్యాను నిండా మురుకులు పెట్టిచ్చింది.

మిగిలిన ఒక్క హాప్స్ పొట్లం కూడా వేసేశాడు కాక. ఎండకు ఫర్మెంటర్ వేడెక్కకుండా తడి గోనెసంచి చుట్టి కాపలా కాశాడు. పీటర్ సాబ్‌ను టాక్సీలో తెచ్చిన రోజు నన్నూ పిలిచాడు. సాబ్ గ్లాసు వెలుతురులో పట్టి చూశాడు, ఒక గుటక వేశాడు. కాక ఆయన మొహమే చూస్తూ నిలబడ్డాడు. సాబ్ గ్లాసు ఖాళీ చేసి, "ఔర్ డాల్, నర్సింగ్," అని ఇంకా పొయ్యమన్నట్టు చాపాడు. కాక నురుగు పొంగేదాకా పోశాడు.

పని పాడైందంటే ఇప్పటికీ ముందు అతుకు చూస్తాను. కానీ కోసే ముందు, నా చెయ్యి దాటాక దాన్ని ఎవరు ముట్టారో, ఎందుకు ముట్టారో నిదానంగా అడుగుతాను. కొత్త గిన్నె ఏది వెళ్లినా బాలమణి పసుపు బియ్యం ఇప్పటికీ పంపుతుంది, గుడ్డలో మూట కట్టి పిడికి వేలాడదీస్తుంది.

పీటర్ సాబ్ వచ్చిన రోజు సాయంత్రమే కాక పాలక్యాను తిరిగిచ్చాడు. బరువుగా ఉంది. మూత తీస్తే అంచుదాకా బీరు.

"ఒట్టి గిన్నె పంపొద్దు గదా బిడ్డా," అన్నాడు బాలమణితో.

తను ముక్కు మూసుకుని ఒక గుటక వేసింది. "ఛీ, చేదు!" అంది. తర్వాత ముక్కు మీది చెయ్యి తీసి, ఇంకో గుటక వేసింది.