నా లెక్క, వాళ్ళ పేర్లు

మా నాన్నగారు నూజివీడులో మిషన్ బడి టీచరు. ఆగిరిపల్లి దారిలో మామిడి తోటలు మొదలయ్యే చోట మా ఇల్లు. యాభైల చివర నేను ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చదవడానికి యూనివర్సిటీకి బయలుదేరితే చర్చిలో ప్రత్యేకంగా ప్రార్థన చేశారు. "అయితే అమ్మాయిగారు రేడియోలు బాగుచేస్తారాండీ?" అని తోట కాపలాదారు నాన్నను అడిగాడు. నాన్న గర్వంగా నవ్వారు.

ఎమ్మెస్సీ అయ్యాక అక్కడే రీసెర్చిలో చేరాను. పరమాణు కేంద్రకంలోని కణాలు ఒకదాన్నొకటి ఢీకొంటే ఎటు ఎలా చెదురుతాయో కాగితం మీద తేల్చడం నా పని. గైడు పేరున్న మనిషి. ఆయన దగ్గర నాతోపాటు ఇంకొకతను ఉండేవాడు. హుషారైన వాడు, లెక్కలో మాత్రం తొందరపడేవాడు.

సార్ ఇచ్చిన సమస్యలో ఒకచోట జవాబు అనంతానికి పోయేది. నెలల తరబడి ముగ్గురం అక్కడే ఆగిపోయాం. ఒక మధ్యాహ్నం మెస్సులో పెరుగన్నం కలుపుకుంటుంటే నాకు దారి తట్టింది. చెయ్యి సరిగ్గా కడుక్కోకుండానే గదికి పరిగెత్తాను. సాయంత్రానికి లెక్క నిలిచింది. అంత సంతోషం నా జీవితంలో మళ్ళీ కలగలేదు. ఆ మాట ఒప్పుకోవాలంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"బాగుందమ్మా, ఫెయిర్ కాపీ రాసివ్వు" అన్నారు సార్. రాసిచ్చాను.

చాలా నెలలకు ఓడలో వచ్చిన విదేశీ పత్రికలో నా లెక్క అచ్చయి కనిపించింది. పైన సార్ పేరు, అతని పేరు ఉన్నాయి. చివర చిన్న అక్షరాల్లో, సహాయం చేసినందుకు టైపిస్టుతో కలిపి నాకు కృతజ్ఞతలు చెప్పారు.

"సార్, ఇది నేను చేసింది కదండీ" అన్నాను.

"నువ్వు, నేను ఏంటమ్మా? అంతా డిపార్ట్‌మెంటుదే. రేపు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతావు. ఆ కుర్రాడికి ఉద్యోగం రావాలి."

గైడును మార్చమని అడిగాను. ఆయనతో గొడవపడిన అమ్మాయిని తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఇంటికి వచ్చేశాను. ఊళ్ళో కాలేజీలో పిల్లలచేత ప్రాక్టికల్స్ చేయించే డిమాన్‌స్ట్రేటరు పని దొరికింది. పెళ్ళి మాత్రం చేసుకోలేదు.

డెబ్భైల మొదట్లో ఒక మే నెలలో మా గుమ్మం ముందు కారు ఆగింది. అతనే. అప్పటికి ప్రొఫెసరు. బెజవాడలో పనుండి వచ్చాడట, రసాలు కొనుక్కుందామని హనుమాన్ జంక్షన్ నుంచి ఇటు తిరిగాడట. అమ్మ కుర్చీ వేసి పళ్ళు పెట్టింది.

"ఫీల్డంతా మారిపోతోందండీ" అన్నాడు రసం పిసుకుతూ. "కణాలు చుక్కలు కావంట, కంపించే సన్నటి తీగల్లాంటివంట. మన పాత పేపరు మళ్ళీ చూస్తున్నారు."

"మన పేపరా?"

అతను పండు పక్కన పెట్టాడు. "మీ పేరు పెట్టలేదని, సార్ పేపరు పంపించేశాకే నాకు తెలిసిందండీ."

"తెలిశాక ఏం చేశారు?"

"నాకప్పుడు ఉద్యోగం ముఖ్యం."

"నాకు కాదా?"

లోపలినుంచి అమ్మ కేకేసింది. "అమ్మాయ్, ఇంటికొచ్చిన మనిషితో ఏంటా మాటలు?" తనే తట్ట నిండా పళ్ళు సర్ది కారులో పెట్టించింది. "మీరే హాయిగా ఉన్నారండీ, మాకే ఈ పరుగులు" అంటూ అతను లేచాడు.

కారు ఎక్కబోతుంటే ఉండబట్టలేక అడిగాను. "ఆ తీగల సంగతి ఎక్కడ చదవొచ్చు?"

"ఆ పత్రికలు ఇక్కడ దొరకవండీ. నేను పంపిస్తాను."

పంపలేదు. వానలు పడేదాకా పోస్ట్‌మ్యాన్ సైకిల్ బెల్లు వినబడితే చాలు, గుమ్మంలోకి వెళ్ళేదాన్ని. అలా వెళ్ళినందుకు అతని మీదకంటే నా మీదే నాకు ఎక్కువ అసహ్యం వేసింది. కాలేజీ తెరిచాక కొత్త పిల్లలకు వోల్ట్‌మీటరు ఎలా చూడాలో చెప్పాను. రిటైరయ్యేదాకా అదే చెప్పాను.