మా బావ రాణి ముఖం

బడి వదిలే వేళకు సూర్యాపేట నుంచి వచ్చిన బస్సు డ్రైవరు నా తరగతి గుమ్మం దగ్గర నిలబడి, "పంతులూ, మీ బావ పొద్దుగాల పానం ఇడిసిండంట. మీ అక్క జల్ది రమ్మన్నది" అని చెప్పాడు. జ్వరమని విన్నాను గానీ అది ఇంత పని చేస్తుందని అనుకోలేదు. అదే బస్సులో మిర్యాలగూడ నుంచి బయల్దేరాను. నలుగురిలో ఏడవడానికి సిగ్గుపడి దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

మా బావ సూర్యాపేట బజారులో బట్టలు కుట్టే దర్జీ. మా అక్క మొగుడు. ఇంతే అయితే ఇది రాసేవాణ్ణి కాదు, బావలు అందరికీ ఉంటారు. మా నాటకంలో ఆయన రాణి, నేను రాజు. మా దిక్కు ఆడవేషాలు ఇంకా ఎక్కువగా మగవాళ్ళే కడతారు. కాబట్టి ఇంట్లో అక్కకు మొగుడైన మనిషి తెర లేస్తే నాకు పెళ్ళాం. దీని మీద ఊరివాళ్ళు ఆడిన పరాచికాలు ఇన్నీ అన్నీ కావు. అక్క కూడా తక్కువేం తినలేదు. ఆటకు బయల్దేరేటప్పుడు గడపలో నిలబడి "తమ్మీ, నీ పెండ్లాన్ని జర సక్కగ ఏలుకో" అనేది.

బావ వేషం కోసం పడే తిప్పలు చూస్తే నవ్వూ వచ్చేది, గౌరవమూ కలిగేది. రాణి రవికలు తనే కుట్టుకునేవాడు. ఆట ఉందంటే వారం ముందు నుంచే చిన్న చిన్న అడుగులు వేస్తూ నడిచేవాడు. అంగీ కొలతలు తీసుకునేటప్పుడు కూడా గొంతు సన్నబడేది, వచ్చినవాళ్ళు కిసుక్కున నవ్వేవాళ్ళు. ఆయన పట్టించుకునేవాడు కాదు. "కుట్టు కనబడొద్దు బామ్మర్దీ, అంగీల అయినా, వేషంల అయినా" అనేవాడు.

మా ఆట కథ పెద్దదేమీ కాదు. రాజ్యం పోయి రాజు అడవుల పాలవుతాడు. రాణి ఊరూరా తిరిగి వెతుకుతుంది. చివరికి కలుసుకుంటారు. అప్పుడు నేను ఆమె గడ్డం పట్టి ముఖం పైకెత్తి, "దేవీ, ఇన్నేండ్లయినా నీ మోము వన్నె తగ్గలేదు" అనాలి. దాని మీద రాణి ఒక పద్యం అందుకుంటుంది, తెర పడుతుంది.

తర్వాత సంస్థానంలో గడబిడ రోజులు వచ్చాయి. పొద్దుగూకితే జనం పోగవడానికే భయం, ఇక ఆటలెక్కడివి? అక్క ప్రాణభయంతో నలుగురితో పాటు కోదాడ దాటి సంస్థానం హద్దు అవతలికి వెళ్ళిపోయింది. ఎక్కడుందో కబురు తెగిపోయింది. బావ కుట్టు మిషను పక్కింట్లో పెట్టి ఆమె కోసం బయల్దేరాడు. గుడారాల్లో తలదాచుకున్నవాళ్ళను ఒక్కొక్కరినే అడుగుతూ నెలల తరబడి ఎండల్లో తిరిగాడు. ఆమె దొరికేదాకా ఊరి మొహం చూడలేదు. ఇద్దరూ తిరిగి వచ్చిన రోజు నేను అక్కను చూసి పరుగెత్తాను గానీ పక్కనున్న మనిషిని పోల్చుకోలేదు. బావ నుదుటి మీద, కళ్ళ కొసల్లో, మూతికి రెండు పక్కలా ముడుతలు పడ్డాయి. చెంపల మీద చర్మం ఎండి పొట్టు లేస్తోంది.

గొడవలు సద్దుమణిగాక ఆట పెట్టించే పెద్దమనిషి మళ్ళీ పిలిపించాడు. బావను ఎగాదిగా చూసి, "రాణి జర ముసలిదైంది గదనయ్యా. కోదాడ దిక్కు ఒక పడుచుపిల్ల మస్తు ఆడుతదంట, ఆమెను తెద్దామా?" అన్నాడు. బావ నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు చూడలేక నేను తల తిప్పుకున్నాను.

మర్నాడే బావ దవాఖానకు పోయి, మా అక్క మడమలు పగిలాయని అబద్ధమాడి, కంపౌండరును బతిమాలి ఒక సీసా పెట్రోలియం జెల్లీ సంపాదించాడు. రంగూ రుచీ లేని మైనం లాంటి వస్తువు. కంపౌండరు మడమల సంగతి నమ్మినట్టు లేడు. "మొఖానికైతే ఒక మాట ఇను. ఇది ముడుతలను తీసెయ్యదు. తోలుల ఉన్న తడి పోకుండ ఆపుతది, దాంతోని జర నున్నగ కనబడతది, గంతే. మొఖం కడిగి తడి ఆరకముందే పల్చగ రాసుకోవాలె" అన్నాడట. బావ అన్నీ విన్నాడు గానీ 'పల్చగ' అన్నది మాత్రం చెవిన పెట్టలేదు.

రోజూ మాపటేళ మిషను ముందు అద్దం ముక్క ఆనించుకుని కూర్చుని రాసుకునేవాడు. కొన్నాళ్ళకు పొట్టు పోయి ముఖం మెత్తబడిన మాట నిజమే. గీతలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. "బావా, ఇగ అక్క నిన్ను ఒక్కన్నే బజారుకు పంపదు" అని నేను ఆటపట్టిస్తే ఆయన నవ్వలేదు. "నీకేంది బామ్మర్దీ. రాజు ముసలోడైనా రాజే. రాణి ముసలిదైతే తెర ఎనకకే" అన్నాడు.

మొదటి ఆట పెన్‌పహాడ్‌లో. వరి పొట్ట మీదున్న రోజులు. బావ దిట్టంగా జెల్లీ పట్టించి, దాని మీద పౌడరు అద్దుకున్నాడు. పెట్రోమాక్సు వెలుగుకు ముఖం నూనె రాసిన గిన్నెలా మెరిసింది. వెలుగు కోసం వరి చేలల్లోంచి పచ్చదోమ పురుగులు మందలుగా వచ్చి ఆ ముఖానికే అంటుకున్నాయి. దులుపుకుంటే రంగు పోతుందని బావ అట్లాగే పాడుతున్నాడు. నేను గడ్డం పట్టబోతే వేళ్ళు జారిపోయాయి. మళ్ళీ పట్టాను, మళ్ళీ జారాయి. "రాణమ్మ మొఖానికి పోపు వెట్టిన్రు రోయ్!" అని ఎవడో అరిచాడు. 'వన్నె తగ్గలేదు' అన్న నా మాట ఆ నవ్వుల్లో ఎవరికీ వినపడనే లేదు.

పెద్దమనిషి బండెక్కుతూ, "మిర్యాలగూడల ఒక్క ఆట సూస్త. గాడ గూడ నవ్విన్రంటే కోదాడ పిల్లను పిలిపిస్త" అని తేల్చేశాడు.

ఇంటికొచ్చాక అక్క శనగపిండితో బావ ముఖం రుద్ది కడిగింది. ఆమె కళ్ళలో నవ్వు లేదు. "ఏందయ్యా గీ పరేషాన్? ఊరూరు తిరిగి మొగన్ని ఎతుక్కున్నదాని మొఖం నున్నగ ఎట్లుంటది? నన్ను ఎతుకుతున్నప్పుడు నీదున్నదా?" అంది. "సూసేటోల్లకు రాణి గావాలె, నేను గాదు" అన్నాడు బావ. ఎంత చెప్పినా ఆయన వినే రకం కాదు. మిర్యాలగూడ ఆట నాడు జెల్లీ పల్చగా రాసుకున్నాడు, రాయడం మాత్రం మానలేదు.

ఆ నాడు పురుగులూ రాలేదు, పాటా బాగా కుదిరింది. చివరికి నేను గడ్డం పట్టి ముఖం పైకెత్తాను. అంత దగ్గర నుంచి చూస్తే పౌడరు కింద గీతలన్నీ కనబడ్డాయి. అవి ఏ దారుల్లో పడ్డవో నాకు తెలుసు. అన్నేళ్ళుగా అలవోకగా చెప్పిన ముక్క ఆ ముఖం చూస్తూ చెప్పబుద్ధి కాలేదు. ముందుగా అనుకోలేదు, ఒట్టు. నా భుజం మీది ఉత్తరీయం తీసి ఆయన ముఖం తుడిచేశాను. కింద జెల్లీ ఉండడంతో రంగంతా ఒక్క తుడుపుకే వచ్చేసింది. "ఏం జేస్తున్నవ్ రా!" అని బావ పళ్ళ బిగువున అంటూ నా మణికట్టు పట్టుకున్నాడు. గోళ్ళు దిగాయి. "దేవీ, నాకోసం తిరిగి తిరిగి గిట్లయినవా" అన్నాను, రాజు భాష మరిచిపోయి.

జనం నవ్వలేదు. బావ నా చెయ్యి వదిలాడు. తర్వాత పద్యం ఎత్తుకున్నాడు. అంత నెమ్మదిగా ఆయన పాడడం నేనెన్నడూ వినలేదు.

తెర పడ్డాక పెద్దమనిషి కోదాడ పిల్ల ఊసెత్తలేదు. "వచ్చే ఆట పాలకీడుల. రాణి తయారుండాలె" అని చెప్పి వెళ్ళాడు. ఆ ఆట రాకముందే బావ జ్వరపడి పోయాడు, అది ఇక ఎప్పుడవుతుందో తెలియదు. ఇక రాణిగా కోదాడ అమ్మాయే వస్తుంది, బాగానే ఆడుతుందట కూడా. ఆమె మీద నాకే కోపమూ లేదు. కానీ బావ పక్కన నిలబడి నేర్చుకున్న రాజరికం నాది. ఆయన లేకుండా కిరీటం పెట్టుకోవడం ఎట్లాగో నాకింకా తెలియడం లేదు.

ఆ మిర్యాలగూడ ఆట నాడే తెర వెనక జరిగింది చెప్పి ముగిస్తాను. బావ సవరం తీయబోతుండగా ఆట చూసిన ఒక ముసలామె కర్ర పొడుచుకుంటూ లోపలికి వచ్చింది. నేను ఆపబోయాను, ఆమె నన్ను లెక్కచేయలేదు. ఉత్త ముఖంతో ఉన్న బావ ఎదుట కూలబడి, రెండు చేతులతో ఆ చెంపలు నిమిరి, తన కణతల మీద మెటికలు విరిచింది. "దొరికిండు గద బిడ్డా నీ పెనిమిటి. ఇగ ఏడ్వకు" అంది. పాడి పాడి గొంతు బొంగురుపోయిన బావ నోరు విప్పితే మగవాడని బయటపడుతుంది. కొంగు తల మీదికి లాక్కుని, ఆ ముసలామె చేతుల్లో ముఖం ఉంచి అట్లాగే కూర్చున్నాడు.