పాండూరులో సముద్రం

సర్ఫింగ్ నేర్చుకునేవాళ్లకని పెట్టిన యోగా శిబిరానికి హైదరాబాదు నుంచి తిరువళ్లూరు దగ్గరి పాండూరు వెళ్లాను. వేరుశనగ చేను పక్కన పదిమందిమి పలకల మీద బోర్లా పడుకుని గాలిని ఈదుతున్నాం. కలుపు తీస్తున్న పెద్దావిడ దగ్గరికొచ్చింది. తమిళం రాదని సైగ చేశాను.

"సముద్రం యాడుందయ్యా?" అంది, తెలుగులోనే!

"ముందు బ్యాలెన్స్ రావాలమ్మా," అన్నాను.

"సరి, ఈత వచ్చునా?"

అందరం శిక్షకుడి వైపు చూశాం. ఆయన కళ్లు మూసుకుని, "శ్వాస మీద ధ్యాస పెట్టండి," అన్నాడు.

"మీ వాద్యారుకీ రాదు మాదిరుండాదే! రేపు మా బావికాడికి రాండి."

మర్నాడు మునగకుండా నడుముకు ఎండు సొరబుర్ర కట్టుకుని ఆవిడ బావిలో దిగాను. మూడోరోజు శిక్షకుడూ వచ్చాడు. తనకో సొరబుర్ర దొరుకుతుందా అని ఆవిణ్ణి మెల్లగా అడిగాడు.