నబీ సారు రెండో రోజు పాఠం

“వంద సేర్ల సున్నపురాయి బట్టీల పెడితే యాభై ఆరు సేర్ల సున్నం చేతికొస్తది. మిగిలింది యాడికి పోయింది? పొగల పోయింది. గిది మా ఇంట్ల పోరలకు గూడ ఎరుకే. మీ సారు గా సాయంత్రం నన్ను గదే అడిగిండు బేటా. నేను గదే చెప్పిన.”

వజీరాబీ చేటలో కందిపప్పు ఏరుతూ తల ఎత్తకుండానే మాట్లాడుతోంది. ఎదురుగా నాపరాయి అరుగు మీద కూర్చున్న అనంతయ్య ఆమెను తొందరపెట్టలేదు. ఆమె మాట మధ్యలో ఆగితే, ఆగినంత సేపూ తనూ ఆగడం అతనికి అలవాటే. వికారాబాద్ స్టేషన్లో పార్సిల్ గుమాస్తా అతను. సెలవు దొరికిన ఆదివారం పాసింజరు రైలెక్కి తాండూరు వచ్చి, ఆమె భర్త గులాం నబీ సారు గురించి ఆమె చెప్పే ముచ్చట్లు విని పోతుంటాడు. సారు పోయి మూడేళ్లయింది. అప్పటి నుంచీ ఆమె తమ్ముడు ఇమాముద్దీన్ ఇంట్లో, తను పుట్టి పెరిగిన సున్నపు బట్టీ పక్కనే ఉంటోంది.

“పొగల పోయిందంటే సారు ఏమన్నడమ్మా?”

“నవ్విండు. ‘గది కాదు వజీరా, రేపు చెప్త’ అన్నడు. గా రేపు రాలే.”

నబీ సారు హైదరాబాదులో చదివిందంతా ఉర్దూలో. వికారాబాద్ బడిలో సైన్సు చెప్పిందీ ఉర్దూలోనే. నలభై ఎనిమిదిలో నిజాం రాజ్యం పోయింది. నాలుగైదేళ్లు తిరిగేసరికి బడిలో పాఠాలు తెలుగులోకి మారాయి. ముప్పై అయిదేళ్లు దాటిన మనిషి పలక పట్టి తెలుగు అక్షరాలు దిద్దుకున్నాడు. రాయడం వచ్చింది గానీ నోరు తిరగలేదు. వజీరాబీకి ఏ భాషలోనూ అక్షరమ్ముక్క రాదు. కానీ బట్టీలో రాళ్లు మోసే ఆడవాళ్ల మధ్య పెరిగిన పిల్ల, తెలుగు గడగడా మాట్లాడేది. అందుకని రోజూ సాయంత్రం చాయ్ తాగి, ఆయన ఆమె ముందు నిలబడి మర్నాటి పాఠం అప్పజెప్పేవాడు. పెద్ద పాఠమైతే రెండు సాయంత్రాలు.

“‘జలము ఉష్ణీకరింపబడును’ అన్నడొకనాడు. గదేం భాష, నీళ్లు కాగుతయి అనరాదా అన్న. పుస్తకంల గట్లనే ఉందని నా మీద గుర్రుమన్నడు. తెల్లారి క్లాసుల మాత్రం నీళ్లు కాగినయంట.”

అనంతయ్య నవ్వాడు. తనకూ సారు అలాగే చెప్పేవాడు. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన గుమాస్తా తూకం బల్ల పక్కన చిరిగిన సైన్సు పుస్తకం చదువుకుంటుంటే, బొంబాయి నుంచి వచ్చిన పుస్తకాల కట్ట కోసం వచ్చిన సారు చూశాడు. ఆ కట్ట విప్పి, ఒక పుస్తకం అక్కడే బల్ల మీద పెట్టి పోయాడు. మళ్లీ అడగలేదు.

“ఇంతకీ గా పాఠం దేని గురించమ్మా?”

“అణువు గురించి. పేపర్ల రోజూ అణువు అణువు అని రాస్తుండె గద, పెద్ద క్లాసు పోరలు అడిగిండ్రంట. ‘నాలుగు గింజలున్నయనుకో. విడివిడిగా తూస్తే ఒక బరువు. నాలుగు దగ్గరికొచ్చి ఒక్కటైతే బరువు తగ్గుతది. తగ్గింది యాడికి పోయిందో నువ్వే చెప్పు’ అన్నడు.”

ఆమె వేళ్లు పప్పులో ఆగిపోయాయి. అనంతయ్య చూపు తిప్పుకుని బట్టీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

“మా లగ్గమైన ఏడాదే ఆయనకు బొంబాయిల పెద్ద చదువుకు సీటొచ్చింది. గప్పుడే నిజాం రాజ్యం పోయి ఊర్లల్ల గడబిడ. మా అబ్బాజాన్ మంచం పట్టిండు. నన్ను ఇడిసి ఎట్ల పోతడు? పోలే. పోయుంటే యాడుండేటోడో. ఒక్కనాడు గూడ నోరు తెరిచి అనలే. గా సాయంత్రం మాత్రం ‘కలిస్తే తగ్గుతది’ అన్నడు. నా మొకం చూస్కుంటనే అన్నడు. తెల్లారి బడికి పోయిండు, పగటీలి బువ్వ గంట కొట్టకముందే గుండె ఆగింది.” చేట ఒడిలోంచి దించింది. “మూడేళ్ల సంది నాకు గదే ఫికర్ బేటా. నాతోని కలిసి ఆయన తగ్గిపోయిండు. ఆయన బతుకు పొగల పోయింది. రెండోనాడు చెప్పాలనుకున్నది గదేనా? నువ్వు చదువుకుంటున్నవ్ గద. నిజం చెప్పు. నా మనసు కోసం చెప్పకు.”

అనంతయ్య లేచి పొయ్యి దగ్గరి నుంచి బొగ్గుముక్క తెచ్చాడు. నాపరాయి మీద మోకాళ్ల మీద కూర్చుని, సారు ఇచ్చిన పుస్తకంలో ఎన్నోసార్లు చేసి చూసుకున్న లెక్కను మెల్లగా రాశాడు.

“ఇది హైడ్రోజన్ పరమాణువు. దీని బరువు 1.008142. ఇది న్యూట్రాన్, 1.008983. రెండు అవి, రెండు ఇవి, నాలుగు కలిపి కూడితే 4.034250. గీ నాలుగు కలిసి హీలియం అయితయి. హీలియం బరువు 4.003873. తీసేస్తే తరుగు 0.030377.”

“గింతేనా?”

“గింతే. పార్సిలాఫీసుల తీర్గ చిల్లర వదిలేస్తే నాలుగుకు నాలుగే. నేను మొదట గట్లనే చేసిన, జవాబు సున్న వచ్చింది. ఉన్నదంతా ఆ చిల్లరలనే ఉందమ్మా. దీన్ని 931 తోని హెచ్చిస్తే ఇరవై ఎనిమిది చిల్లర.”

“ఇరవై ఎనిమిది సేర్లా?”

“సేర్లు కాదు, శక్తి. 931 తోని హెచ్చిస్తే బరువు శక్తిల తేలుతది. మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులని దానికో కొలత. అవి కలిసేటప్పుడు అంత శక్తి బయటికి పోతది. సూర్యునిల జరిగేదీ గిసొంటిదే. గీ ఎండంతా గా తరుగే.”

వజీరాబీ వాకిట్లో ఎండ వైపు చూసింది.

“పోవుడైతే పోయింది గద. పొగకూ దీనికీ ఏం ఫరకు?”

“బట్టీల తరిగినంక రాయి గట్టిగుంటదా?”

“యాడిది. నీళ్లు తగిలితే పొడి పొడి.”

“ఇది గట్ల కాదమ్మా. ఎంత పోయిందో అంత గట్టిగ పట్టుకుంటయి. మళ్ల నాలుగింటిని నాలుగు దిక్కుల చేయాల్నంటే బయటోడెవడో గా ఇరవై ఎనిమిదీ తెచ్చి పోయాలె. జరంత తక్కువైనా పని కాదు. పాఠం పేరే గది, బంధన శక్తి.”

బట్టీ దగ్గర ఎవరో రాళ్లు కుమ్మరిస్తున్న చప్పుడు. వజీరాబీ అంకెల మీద పొట్టు పడకుండా చేటను పక్కకు జరిపింది.

“ఆయన మా గురించి అన్నడా, గింజల గురించి అన్నడా?”

“సారు మనసుల ఏముండెనో నాకెట్ల తెలుస్తదమ్మా. పాఠం గింజల గురించే. కానీ రెండోనాటి పాఠం గిదే. ఇంకోటి ఉండదు.”

“పొగ కాదు.”

“కాదు.”

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో, ఊరికే కూర్చుందో అతనికి తెలియలేదు. కాసేపటికి కొంగు వెనక నుంచే అడిగింది.

“మరి మమ్మల్ని ఇడదీసినోడు గదంతా తెచ్చి పోసిండా? నాకైతే ఏం ముట్టలే బేటా.”

అనంతయ్య చేతికంటిన మసి తుడుచుకుంటూ తల దించుకున్నాడు. మూడేళ్లుగా ఆమె మోసిన బరువులో సగం దిగింది. మిగిలిన సగాన్ని దించడం ఎవరి తరమూ కాదని అప్పుడర్థమైంది.

రైలు వేళయింది. వజీరాబీ లేచి లోపలికి పోయి, కొత్త సున్నం చిన్న కుండలో పోసి మూతికి గుడ్డ కట్టి తెచ్చింది.

“పోయేదాంక దీనికి తడి తగలనియ్యకు. కబరస్తాన్‌కు మేం ఆడోళ్లం పోము, వికారాబాద్‌ల దిగినంక నువ్వు పో. ఆయన తలాపు రాయికి గీ సున్నం పుయ్యి. పూసినంక, రెండోనాటి పాఠం వజీరాకు ముట్టిందని చెప్పు.” గడప దాకా వచ్చి ఆగింది. “తెలుగులనే చెప్పు బేటా. పుస్తకం భాష వద్దు. నీళ్లు కాగుతయి అన్నట్టు చెప్పు.”