ఆదివారం చేతులు

నా చిన్నప్పుడు మా అమ్మ నన్ను ఆదివారాలు మాత్రమే ముట్టుకునేది. వినడానికి వింతగా ఉంటుంది కానీ మా వీధిలో అదేమీ వింత కాదు. రాజోలు అవతల కొబ్బరితోటల మధ్య ఉన్న మా పల్లెలో మా అమ్మతో సహా ఆడవాళ్ళు చాలామంది జీడిపిక్కలు కొట్టే షెడ్డుకి వెళ్ళేవారు. కాల్చిన పిక్కల్ని ముందు కుప్పగా పోసుకుని, పప్పు ముక్కలవకుండా చిన్న చెక్క సుత్తితో పెంకు పగలగొట్టడం వాళ్ళ పని. పెంకులోంచి కారే నల్లటి జీడి వేళ్ళకి అంటుకునేది. అది ఒంటి మీద ఎక్కడ తగిలితే అక్కడ పొక్కేది.

సాయంత్రం అమ్మ గుమ్మంలో కనబడగానే నేను పరిగెత్తేదాన్ని. అమ్మేమో పట్టుబడ్డ దొంగలా రెండు చేతులూ పైకెత్తేసేది. నాన్న లారీ మీద వెళ్తే మళ్ళీ ఎప్పుడొస్తారో తెలియదు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. బియ్యం కడగడం నా పని. అమ్మ గరిటెతో కలిపి, గరిటెతోనే వడ్డించి, దూరంగా కూర్చుని చెంచాతో తినేది. నాకు జడ వేసేది పక్కింటి అక్క, అదీ తన కాలేజీ బస్సుకి టైము ఉంటేనే. స్కూల్లో నా పక్కన కూర్చునే పిల్లకి పాపిడి ఎప్పుడూ తిన్నగా ఉండేది. రోజూ వాళ్ళమ్మే దువ్వుతుందట. ఆ పాపిడి చూస్తే నాకు ఏడుపొచ్చేది.

మరి చేతులు కడుక్కోవచ్చు కదా అంటారు. అక్కడే ఉంది తిరకాసంతా. చేతికి పట్టిన ఆ మసిపొరని కడగకూడదని షెడ్డులో గట్టి నమ్మకం. పాత జీడి ఉన్నచోట కొత్త జీడి కాటెయ్యదని వాళ్ళ లెక్క. ఎవరైనా రోజూ కడుక్కుంటే "అబ్బో, దొరసానమ్మ గారొచ్చారు" అని ఏడిపించేవారు. అందుకని సోమవారం పట్టిన నలుపు శనివారం దాకా అలాగే ఉండేది. శనివారం పొద్దుగూకే వేళ అమ్మ పెరట్లో కూర్చుని, బూడిదా కొబ్బరిపీచూ పెట్టి చేతులు ఎర్రగా కందిపోయేదాకా తోమేది. తెల్లారితే చర్చికి వెళ్ళాలి మరి. చర్చిలో నేను అమ్మ ఒళ్ళో తల పెట్టుకునేదాన్ని, అమ్మ నా జుట్టు నిమిరేది. ప్రసంగం ఎంత సాగితే నాకంత పండగ. ఊళ్ళో పిల్లలందరిలో పాస్టరు గారు త్వరగా ముగించారని బాధపడ్డదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

తక్కిన రోజుల్లో ఒంటరితనం ఎలా ఉంటుందో నాకు బాగా తెలిసొచ్చింది. నేను నల్లగా ఉంటానని, అందుకే అమ్మకి నేనంటే ఇష్టం లేదని నాకు నేనే తేల్చేసుకున్నాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి ఎవరున్నారు గనక.

మా వెనకింట్లో ఒక మామ్మ ఒంటరిగా ఉండేది. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ ఆవిడ కూడా జీడిపిక్కలు కొట్టిన మనిషే. వేసవి సెలవుల్లో అమ్మ నన్ను ఆవిడకి అప్పజెప్పి పనికి వెళ్ళేది. ఒకరోజు మల్లెమొగ్గలు మాల కడుతూ, ఉండబట్టలేక అడిగేశాను, "మామ్మా, నన్ను ముట్టుకుంటే మా అమ్మకి ఏమవుద్ది?" అని.

 మామ్మ లేచి, బట్టలకి పెట్టే నీలంమందు ఆముదంలో కలిపి నా రెండు అరచేతులకీ పట్టించింది.

"సాయంత్రం దాకా కడుక్కోకు. ఆడుకో, తిను, నీ ఇష్టం. ఎక్కడా అంటకుండా వచ్చావంటే పూతరేకు కొనిపెడతాను" అంది.

పూతరేకు కోసం నేను ఎంత జాగ్రత్తగా ఉన్నానో ఆ దేవుడికే తెలుసు. తలుపు మోచేత్తో తోశాను. చెంచాతో తిన్నాను. సాయంత్రం మామ్మ నా చెయ్యి ముట్టుకోకుండా నన్ను ఇల్లంతా తిప్పి చూపించింది. గడియ మీద నీలం, మంచినీళ్ళ బిందె మూత మీద నీలం, కుక్కపిల్ల చెవి మీద నీలం. నాకు నవ్వాగలేదు. అప్పుడు మామ్మ అద్దం తెచ్చి నా ముఖానికెదురుగా పట్టింది. కంటి మూల పెద్ద మరక. ఎప్పుడు నలుపుకున్నానో కూడా నాకు గుర్తులేదు.

"నీలం కాబట్టి నవ్వుతున్నావే. అదే జీడయితే ఈపాటికి కన్ను వాచి మూసుకుపోయేది. ఇప్పుడు చెప్పు, మీ అమ్మ చేతులెందుకు పైకెత్తుతుందో."

 ఇన్నాళ్ళూ అమ్మ నన్ను దూరం పెడుతోందనుకున్నాను. అమ్మ దూరం పెట్టింది తన చేతుల్ని.

అంతలో అమ్మ వచ్చింది. అలవాటు ప్రకారం చేతులు పైకెత్తింది. నేనూ నా నీలం చేతులు పైకెత్తాను. గుమ్మానికి అటూ ఇటూ అలా నిలబడ్డాం. అమ్మకి ఏమీ అర్థంకాక నవ్వేసింది. మామ్మ మాత్రం నవ్వలేదు. అమ్మని కూర్చోబెట్టి, దోసిట్లో ఆముదం పోసింది.

"ముందు దీంతో నాననియ్యి. తరవాత శనగపిండి, ఆ తరవాత సబ్బు. పీచు పెట్టి తోమకు. రేపు పనిలో కూర్చునే ముందు కూడా ఆముదం రాసుకో. ఇంటికి రాగానే కడిగెయ్యి."

"రోజూ కడిగితే చర్మం మెత్తబడి ఇంకా పొక్కుద్దంటండి మామ్మ గారూ. అందరూ అదే అంటన్నారు."

"ఆ అందరికీ చెప్పినదాన్ని నేనేనే అమ్మాయ్" అంది మామ్మ. తర్వాత కళ్ళు మూసుకుని, చెయ్యి చాపి, వేలి మీద ఒక మల్లెమొగ్గ పెట్టమంది నన్ను. పెట్టాను. ఆవిడ అలాగే కూర్చుంది. కాసేపటికి, "పెట్టావా?" అని అడిగింది.

ఆ వేళ్ళ కొసలు జీడికి గీతలన్నీ అరిగిపోయి నున్నగా ఉన్నాయి. ఒకప్పుడు మనవడికి జ్వరమొస్తే నుదురు ముట్టుకుని, చల్లగానే ఉంది, డాక్టరెందుకని కోడలికి చెప్పిందట. తెల్లారేసరికి పిల్లాడికి ఫిట్స్ వచ్చాయి. పిల్లాడు బతికాడు గానీ, కోడలు మళ్ళీ వాణ్ణి ఆవిడ చేతికివ్వలేదు. "దాన్నేం తప్పు పట్టను. నా చెయ్యే అబద్ధం చెప్పింది" అంది మామ్మ.

అమ్మ ఆముదం రాసుకుంది. నా నీలం, తన నలుపు ఒకే పళ్ళెంలో కడుక్కున్నాం. ఆదివారం కాని రోజున అమ్మ నన్ను దగ్గరికి తీసుకోవడం నాకు తెలిసి అదే మొదలు. నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ వేళ్ళు నా చెంపల మీద తడి మీదుగానే వెళ్ళాయి, అయినా నిమురుతూనే ఉంది. మణికట్టు తగిలాక గానీ నేను ఏడుస్తున్నానని అమ్మకి తెలియలేదు. అప్పుడు తన వేళ్ళవంక చూసుకుంది. ఆ చూపు నేను మర్చిపోలేదు.

దొరసానమ్మ అని షెడ్డులో అమ్మని చాన్నాళ్ళు ఏడిపించారు. అయినా మానలేదు. అరచేతులు బాగుపడ్డాయి. వేళ్ళ కొసలకి స్పర్శ మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు.

ఇప్పుడు నేను అలాంటి షెడ్డులోనే సూపర్‌వైజర్ని. గ్లౌజులు ఇస్తే, పని సాగడం లేదండీ అని విప్పేస్తారు కొత్తగా చేరిన అమ్మాయిలు. నేను ఉపన్యాసాలు ఇవ్వను. కళ్ళు మూసుకోమని వేలి మీద ఒక మొగ్గ పెట్టి, తెలుస్తోందా అని అడుగుతాను. "ఆయ్, తెలుస్తోందండీ" అని నవ్వుతారు. అది పోకముందే జాగ్రత్త పడమంటాను. కొందరు వింటారు, కొందరు వినరు.

మొన్న నాకు జ్వరమొస్తే అమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఇప్పటికీ వేళ్ళతో చూడదు. వంగి, తన చెంప నా నుదుటికి ఆనించి, వేడి తెలిసేదాకా అలాగే ఉంది.